మృచ్ఛకటికంలో మరణదండన: ‘గడువు’ భావన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

శూద్రకుని మృచ్ఛకటికం పది అంకాల ప్రకరణం. ఇందులో తొమ్మిదో అంకం ఒక నిర్దోషికి మరణదండన ఎలా పడిందో చూపుతుంది. పదో అంకం ఆ దండన ఎలా తప్పిపోయిందో చూపుతుంది. తీర్పుకూ అమలుకూ మధ్య దొరికిన కొద్దిపాటి వ్యవధి ఈ రెండు అంకాలకూ ప్రాణం. ఆ వ్యవధిని ఈ వ్యాసం ‘గడువు’ అని వ్యవహరిస్తుంది. ప్రాచీన సాహిత్యంలో ప్రాణరక్షణ సాధనంగా కనిపించే గడువు, ఆధునిక భారత న్యాయవ్యవస్థలో ఒకవైపు రక్షణగాను, మరొకవైపు యాతనగాను మారింది. గడువు లేని మరణదండన అన్యాయానికీ, గడువుతో కూడిన మరణదండన క్రూరత్వానికీ దారితీస్తాయనీ, ఈ చిక్కు నుంచి బయటపడాలంటే ప్రభుత్వాలు ఆ శిక్షనే వదులుకోవాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మృచ్ఛకటికం, శూద్రకుడు, మరణదండన, గడువు, క్షమాభిక్ష, సాక్ష్యం, న్యాయం.

1. ఉపోద్ఘాతం:

మరణశిక్షను ఉంచాలా, రద్దు చేయాలా అన్న ప్రశ్న స్వతంత్ర భారతదేశంలో పలుమార్లు చర్చకు వచ్చింది. 1967లో లా కమిషన్ తన 35వ నివేదికలో ఈ శిక్షను కొనసాగించాలని అభిప్రాయపడింది. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ శిక్ష రాజ్యాంగ విరుద్ధం కాదని, అయితే అరుదైన వాటిలోకెల్లా అరుదైన సందర్భాలకే దీనిని పరిమితం చేయాలని మెజారిటీ తీర్పు చెప్పింది. జస్టిస్ పి.ఎన్. భగవతి ఆ తీర్పుతో విభేదించారు. 2015 ఆగస్టులో లా కమిషన్ 262వ నివేదిక ఉగ్రవాద నేరాలు, దేశంపై యుద్ధం అనే రెండింటిని మినహాయించి తక్కిన నేరాలన్నింటికీ మరణశిక్షను రద్దు చేయాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు చట్టం కాలేదు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత కూడా ఈ శిక్షను నిలుపుకొంది.

ఈ చర్చ సాధారణంగా రెండు అంశాల చుట్టూ తిరుగుతుంది. ఉరి భయం నేరాలను ఆపుతుందా అన్నది ఒకటి, ఘోరమైన నేరానికి తగిన ప్రతిఫలం ప్రాణమేనా అన్నది మరొకటి. సాహిత్యం ఈ రెండింటికీ భిన్నమైన మూడో ప్రశ్నను ముందుకు తెస్తుంది. తీర్పు వెలువడిన క్షణానికీ ప్రాణం పోయే క్షణానికీ నడుమ ఏం జరుగుతుంది? శాసన గ్రంథానికి ఆ కాలం ఒక విధానపరమైన అంశం మాత్రమే. నాటకకర్తకు అదే ఇతివృత్తం. మృచ్ఛకటికం పదో అంకమంతా ఆ నడిమి కాలంలోనే జరుగుతుంది. అందువల్ల ఆ నాటకాన్ని మరణదండన గురించిన ఒక ఆలోచనగా చదవవచ్చు. అలా చదివి, అందులోని ‘గడువు’ భావన నేటి చర్చకు ఎంతవరకు ఉపకరిస్తుందో, ఎక్కడ ఉపకరించదో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. శూద్రకుని చేర్పు:

భాసుని పేరుతో లభిస్తున్న ‘చారుదత్తం’ నాలుగు అంకాలతో ముగుస్తుంది. అందులో దరిద్రుడైన చారుదత్తుడు ఉన్నాడు, గణిక వసంతసేన ఉంది, ఆమెను వెంటాడే శకారుడూ ఉన్నాడు. న్యాయస్థానం లేదు, వధ్యస్థానం లేదు. ఆ నాలుగంకాల కథను శూద్రకుడు పెంచి మృచ్ఛకటికంగా తీర్చాడన్నది పండితులలో ఎక్కువమంది అంగీకరించిన అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని స్వీకరిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. వసంతసేనపై హత్యాప్రయత్నం, చారుదత్తునిపై నేరారోపణ, విచారణ, మరణదండన, రాజ్యం చేతులు మారడం ఇవన్నీ శూద్రకుని పెంపులోని భాగాలే. ప్రేమకథ ఆయనకు దొరికిన వస్తువు, దండన కథ ఆయన ఎంచుకొన్న వస్తువు.

కనుక చివరి రెండంకాలను నాయికానాయకుల కలయికకు ముందు వచ్చే చివరి అడ్డంకిగా మాత్రమే చూస్తే శూద్రకుని ఉద్దేశంలో ముఖ్యభాగం జారిపోతుంది. చారుదత్తుడు చేయని నేరానికి బలి కాబోవడం ఉత్కంఠ కోసం మాత్రమే అయితే, ఆ నేరారోపణ ఎలా రుజువైందో ఇంత వివరంగా చూపవలసిన పని లేదు. నాటకకర్త ఒక అంకమంతా ఆ వివరానికే కేటాయించాడు.

3. న్యాయస్థానం: నిజాలన్నీ కలిసి అబద్ధమైన తీరు:

పుష్పకరండక ఉద్యానంలో శకారుడు వసంతసేన గొంతు నులిమి, ఆమె చనిపోయిందనుకొని ఆకులు కప్పి వెళ్లిపోతాడు. ఆ నేరాన్ని చారుదత్తునిపై మోపడానికి న్యాయస్థానానికి వస్తాడు. అధికరణికుడు, ఆయనకు తోడుగా శ్రేష్ఠి, కాయస్థుడు అక్కడ కొలువై ఉంటారు. ఆ రోజు శకారుని ఫిర్యాదు వినడానికి అధికరణికుడు మొదట ఒప్పుకోడు. తాను రాజుకు బావమరిదినని, చెప్పి ఉద్యోగం తీయిస్తానని శకారుడు బెదిరించిన తరువాతే ఒప్పుకొంటాడు. న్యాయస్థానపు తొలి లొంగుబాటు ఇదే.

ఆరోపణ చెబుతూ శకారుడు తొందరపాటులో తాను చంపలేదన్న మాట తనంతట తాను అనేస్తాడు. ఎవరూ అడగని ఆ మాట నమోదవుతుంది. వెంటనే అతడు ఆ రాతను కాలితో చెరిపివేస్తాడు. నవ్వు పుట్టించే ఈ చిన్న ఘట్టం విమర్శకుని దృష్టిలో చాలా బరువైనది. నిందితునికి అనుకూలించగల ఒకే ఒక ఆధారం అధికారుల కళ్లెదుటే మాయమైంది. ఆ తరువాత విచారణ అది లేనట్లుగానే సాగింది.

ఇక వచ్చిన సాక్ష్యాలను వరుసగా చూడాలి. కూతురు చారుదత్తుని ఇంటికి వెళ్లిందని వసంతసేన తల్లి చెబుతుంది. అది నిజం. వసంతసేనను ఉద్యానానికి తీసుకుపోతున్నదని తనతో చెప్పిన బండి చారుదత్తునిదని నగర రక్షకుడు వీరకుడు చెబుతాడు. అతడు విన్నది నిజమే. ఉద్యానానికి పంపగా, మృగాలు తిన్న ఒక స్త్రీ శరీరం అక్కడ ఉందని వచ్చి చెబుతాడు. శరీరం ఉన్న మాటా నిజమే, అది వేరొక స్త్రీది. చివరగా, మైత్రేయుడు శకారునితో కలబడినప్పుడు అతని చంక నుంచి నగలు జారిపడతాయి. అవి వసంతసేన నగలే. చారుదత్తుని కొడుకు రోహసేనుడు మట్టిబండి వద్దని ఏడిస్తే బంగారు బండి చేయించుకొమ్మని ఆమె స్వయంగా ఇచ్చిన నగలవి. వాటిని ఆమెకు తిరిగి ఇచ్చి రమ్మని చారుదత్తుడు మైత్రేయుని పంపాడు. నాటకానికి పేరు తెచ్చిన వాత్సల్యమే నాయకుని మెడకు ఉచ్చుగా మారింది.

ఇక్కడ అబద్ధమాడినవాడు ఒక్క శకారుడే. తక్కిన వారందరూ తాము చూసినదీ విన్నదీ చెప్పారు. అధికరణికుడు లంచగొండి కాడు, చారుదత్తునిపై గౌరవం ఉన్నవాడు, అతడు నేరం చేశాడంటే నమ్మలేనివాడు. అయినా తీర్పు తప్పింది. చెడ్డ న్యాయమూర్తి చేసిన అన్యాయాన్ని చూపడం రచయితకు తేలిక. మంచి న్యాయమూర్తి, నిజాయితీగల సాక్షులు, వాస్తవమైన వస్తువులు కలిసి అన్యాయాన్ని నిర్మించడాన్ని చూపడం కష్టం. శూద్రకుడు ఆ కష్టమైన పనికి పూనుకొన్నాడు. న్యాయస్థానాన్ని బాగుచేస్తే చాలు, మరణదండన నిర్దోషుల జోలికి రాదన్న వాదానికి ఈ అంకంలోనే జవాబుంది. శిక్ష విన్న చారుదత్తుడు ఇలాంటి విచారణల వల్ల వేలమంది నిరపరాధులు చచ్చారని, ఇంకా చస్తూనే ఉన్నారని వాపోతాడు. అక్కడ అతడు తన ఒక్కని గురించి మాట్లాడడం లేదు.

మరొక అంశం కూడా గమనింపదగినది. వసంతసేన తల్లి తాను వాదినని, చారుదత్తుని విడిచిపెట్టమని వేడుకొంటుంది. కూతురు చనిపోయిందని నమ్ముతూ కూడా ఆమె ప్రాణానికి ప్రాణం అడగలేదు. న్యాయస్థానం ఆమెను బయటికి పంపివేస్తుంది. బాధితుల పేరుతో విధించే శిక్షలో బాధితుల మాటకు ఎంత విలువ ఉంటుందన్న ప్రశ్న అక్కడ మొలకెత్తుతుంది.

4. మనువు, రాజాజ్ఞ, సమానత్వ సమస్య:

నిర్ణయం చెప్పడం వరకే తన అధికారమని, తక్కినది రాజు చేతిలో ఉందని అధికరణికుడు అంటాడు. మనువు ప్రకారం బ్రాహ్మణుడు వధ్యుడు కాడని, సంపదతో సహా దేశం వెళ్లగొట్టవచ్చని గుర్తుచేస్తాడు. పాలకుడనే ఆ రాజు వినడు. నగలు మెడకు కట్టి, డప్పు వేయించి, దక్షిణ శ్మశానానికి తీసుకుపోయి శూలానికి ఎక్కించమని ఆజ్ఞాపిస్తాడు.

ఈ ఘట్టాన్ని నేటి పాఠకుడు ఎలా చదవాలి? ప్రాచీన ప్రేక్షకునికి రాజు తప్పు స్పష్టం, అతడు బ్రాహ్మణుని చంపమన్నాడు. మనకు మాత్రం ఆ మినహాయింపే తప్పు. చారుదత్తుని స్థానంలో శూద్రుడో దాసుడో ఉంటే అధికరణికుడు ఆ మాత్రం అడ్డు కూడా చెప్పి ఉండడు. పుట్టుకను బట్టి ప్రాణానికి విలువ కట్టిన శాస్త్రాన్ని దయకు నిదర్శనంగా చూపలేం. నాటకం కూడా ఈ విషయంలో పూర్తిగా శాస్త్రం పక్షాన లేదు. తొమ్మిదో అంకంలో బ్రాహ్మణుని కాపాడబోయిన శాస్త్రం ఓడిపోతుంది. పదో అంకంలో అతణ్ణి నిజంగా కాపాడబోయినవాడు స్థావరకుడనే దాసుడు, అతనికి ఊపిరి ఆడే వ్యవధి ఇచ్చినవారు అంటరానివారుగా ముద్రపడిన తలారులు.

మరణదండన ఎవరి మీద పడుతుందన్న ప్రశ్న నేటికీ పాతబడలేదు. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన అధ్యయనం దేశంలో ఉరిశిక్ష పడిన ఖైదీలలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఆర్థికంగా బలహీనులని వెల్లడించింది. మనువు కాలంలో మినహాయింపు శాస్త్రంలో రాసి ఉంది. ఇప్పుడు ఏ శాసనంలోనూ లేదు. అయినా మంచి న్యాయవాదిని పెట్టుకోగలవాడు ఉరికొయ్య దాకా రావడం అరుదు.

5. తలారి తండ్రి చెప్పిన బుద్ధి:

పదో అంకంలో ఇద్దరు తలారులు చారుదత్తుణ్ణి ఊరేగిస్తారు. మెడలో గన్నేరు దండ, ఒంటిపై ఎర్రచందనపు చేతి ముద్రలు. కూడలి కూడలికీ ఆగి నేరాన్ని చాటుతారు. శిక్షను నలుగురికీ చూపి భయం పుట్టించడానికి ఉద్దేశించిన ఆ ఊరేగింపే నిర్దోషికి వ్యవధిని సమకూర్చింది. చాటింపు విన్నందువల్లనే, శకారుని మేడపై సంకెళ్లతో బంధింపబడిన స్థావరకునికి సంగతి తెలుస్తుంది. అతడు కిటికీలోంచి దూకి వచ్చి నిజం చెబుతాడు. శకారుడు అతడు బంగారం దొంగిలించి దెబ్బలు తిన్న దాసుడని అంటాడు. తలారులు యజమాని మాటనే నమ్ముతారు. దాసుడైనవాడు నిజం చెప్పినా ఎవరికీ నమ్మకం కలగదని స్థావరకుడు దుఃఖిస్తాడు. నిజం వధ్యస్థానం వరకు నడిచివచ్చినా సామాజిక స్థాయి దానిని వెనక్కి నెట్టింది.

తరువాత ఈ వ్యాసానికి కేంద్రమైన ఘట్టం వస్తుంది. చంపే వంతు ఎవరిదని తలారులు లెక్క చూసుకొంటారు. వంతు వచ్చినవాడు తన తండ్రి చనిపోతూ చెప్పిన బుద్ధిని గుర్తుచేసుకొంటాడు. వధ్యుణ్ణి తొందరపడి చంపవద్దన్నది ఆ బుద్ధి. దానికి ఆ తండ్రి నాలుగు కారణాలు చెప్పాడట. ఎవరైనా పుణ్యాత్ముడు సొమ్ము చెల్లించి విడిపించవచ్చు. రాజుకు కొడుకు పుట్టి, ఆ సంబరంలో ఖైదీలను వదలవచ్చు. ఏనుగు కట్టు తెంచుకొని, ఆ కలకలంలో వధ్యుడు తప్పించుకోవచ్చు. లేదా రాజే మారిపోవచ్చు.

ఈ నాలుగు కారణాలలో ఒక్కటి కూడా వధ్యుడు నిర్దోషి కావడానికి సంబంధించినది కాదు. తలారికి తీర్పును తప్పుపట్టే అధికారం లేదు, నిజం తెలుసుకొనే దారీ లేదు. అతని చేతిలో ఉన్నది కాలం ఒక్కటే. ఆ కాలాన్ని వీలైనంత సాగదీయడం తండ్రి నుంచి కొడుకుకు అందిన వృత్తిధర్మం. ప్రాణం తీయడమే పనిగా గల కుటుంబం తరతరాల అనుభవంతో నేర్చుకొన్న పాఠమిది. శాస్త్రజ్ఞుడైన అధికరణికునికి గానీ, రాజుకు గానీ తట్టని ఆలోచన ఇది. పుట్టుక చేత చండాలురమైనా, సజ్జనుని హింసించేవారే నిజమైన చండాలురని ఆ తలారులు అనడం ఈ సందర్భంలో నీతివాక్యంగా మిగిలిపోదు, నాటకంలోని అధికార క్రమాన్నే తిరగవేస్తుంది.

అశోకుని నాల్గవ స్తంభ శాసనాన్ని ఇక్కడ పోల్చి చూడవచ్చు. మరణశిక్ష పడిన ఖైదీలకు మూడు రోజుల గడువు ఇవ్వాలని అందులో ఆజ్ఞ ఉంది. బంధువులు ప్రాణభిక్ష కోసం ప్రయత్నించడానికి, అది దొరకని పక్షంలో ఖైదీ దానాలతో ఉపవాసాలతో పరలోకానికి సిద్ధపడడానికి ఆ గడువు. అశోకుడు మరణదండనను రద్దు చేయలేదు, గడువు మాత్రం ఇచ్చాడు. శూద్రకుని నాటకంలో రాజు ఆ గడువు కూడా ఇవ్వలేదు. అందుకే దానిని తలారి తన చేతిమీదుగా ఇవ్వవలసి వచ్చింది. ఎత్తిన కత్తి చేతి నుంచి జారడం, బౌద్ధ భిక్షువు వెంట వసంతసేన రావడం, ఆర్యకుడు పాలకుణ్ణి చంపి రాజు కావడం ఆ తరువాత వెంటవెంటనే జరుగుతాయి. తలారి తండ్రి ఊహించిన నాలుగో కారణం కళ్లెదుట నిజమవుతుంది.

6. గడువు రెండో ముఖం: ఆధునిక భారతదేశం:

6.1 రాజు మారడం:

రాజు మారితే ప్రాణం దక్కవచ్చునన్న తలారి తండ్రి లెక్క మన కాలంలోనూ చెల్లింది. తెలుగు నేలకు సంబంధించిన రెండు ఉదంతాలు దీనికి నిదర్శనం. ఆదిలాబాద్ ప్రాంతపు రైతాంగ విప్లవకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లకు ఉరిశిక్ష పడింది. 1975 మే నెలలో ఆఖరి ఘడియలలో ఒకసారి అమలు ఆగింది. ఆ తరువాత దేశంలో అత్యవసర పరిస్థితి వచ్చింది. జీవించే హక్కు కోసం న్యాయస్థానాన్ని ఆశ్రయించే వీలు కూడా నిలిచిపోయింది. 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైలులో ఇద్దరినీ ఉరితీశారు. 1977 మార్చిలో అత్యవసర పరిస్థితి తొలగింది, కేంద్రంలో ప్రభుత్వం మారింది. ఆ పదహారు నెలల గడువు వారికి దక్కలేదు.

రెండోది చిలకలూరిపేట ఉదంతం. 1993 మార్చిలో దోపిడీ ప్రయత్నంలో బస్సు తగలబడి 23 మంది ప్రయాణికులు మరణించారు. ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష పడింది, 1996లో సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ కాలంలో వారి క్షమాభిక్ష అర్జీ తిరస్కృతమైంది. తరువాత 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవంగా మార్చారు. నేరం మారలేదు, తీర్పు మారలేదు, సాక్ష్యమూ మారలేదు. అర్జీని చదివిన వ్యక్తి మారాడు. ఈ మార్పుకు సంతోషించేవారు కూడా ఒక ప్రశ్న వేసుకోవాలి. ఎవరి కాలంలో అర్జీ చేరిందన్న దానిపై ఒక ప్రాణం ఆధారపడితే, అందులో న్యాయం పాలు ఎంత, ఏనుగు కట్టు తెంచుకోవడం వంటి అదృష్టం పాలు ఎంత?

6.2 నిజం ఆలస్యంగా రావడం:

మృచ్ఛకటికంపై ఒక ఆక్షేపణ సహజంగా వస్తుంది. నాటకంలో వసంతసేన బతికే ఉంది. నిజజీవితంలో హతులు వధ్యస్థానానికి నడిచి రారు. ఈ ఆక్షేపణ సరైనదే. అయితే హతులు రాకపోయినా నిజం రావచ్చు. మహారాష్ట్రకు చెందిన ఒక హత్య కేసులో 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికి మరణశిక్ష ఖరారు చేసింది. వారిలో ముగ్గురికి హైకోర్టు వేసిన యావజ్జీవాన్ని కూడా మరణశిక్షగా పెంచింది. 2019 మార్చిలో అదే సుప్రీంకోర్టు ఆ ఆరుగురూ నిర్దోషులని విడుదల చేసింది. ప్రత్యక్షసాక్షి మొదట పోలీసుల వద్ద ఫోటోలలో వేరే నలుగురిని గుర్తించిన సంగతి విచారణలో ముందుకు రాలేదని తేలింది. శకారుడు కాలితో చెరిపిన రాత వంటిదే ఇదీ. ఆ ఆరుగురూ సంచార జాతులవారు, పదహారేళ్లు జైలులో గడిపారు. 2009కీ 2019కీ మధ్య ఉరి అమలై ఉంటే ఆ తీర్పును అందుకొనేవారే ఉండరు.

అలా అందుకోలేకపోయినవారూ ఉన్నారు. 1995 నాటి ఒక తీర్పు నేరస్థుని పరిస్థితులను పక్కన పెట్టి, నేర తీవ్రతనే చూసి ఉరిశిక్షను ఖాయం చేసింది. బచన్ సింగ్ తీర్పు దీనిని అనుమతించదు. 2009లో సంతోష్ బరియార్ కేసులో ఆ పొరపాటును సుప్రీంకోర్టే ఎత్తిచూపింది. ఈలోగా ఆ తీర్పులోని ఖైదీనీ, అదే తర్కంతో శిక్ష పొందిన మరొకరినీ ఉరితీయడం జరిగిపోయింది. సూత్రాన్ని దిద్దుకొనే వీలు న్యాయస్థానానికి ఉంది. ఉరితీసినవారి విషయంలో ఆ దిద్దుబాటుకు అర్థం లేదు.

6.3 గడువే యాతన కావడం:

ఇంతవరకు చూస్తే గడువు ఎంత ఎక్కువైతే అంత మేలనిపిస్తుంది. ఆధునిక జైలు ఈ సమీకరణాన్ని తలకిందులు చేసింది. చారుదత్తుడు వీధుల వెంట నడిచినది కొద్దిసేపు. నేటి ఖైదీ ఏళ్ల తరబడి ఒంటరి గదిలో ఉరికొయ్య నీడలో కూర్చుంటాడు. 1974లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఈడిగ అనమ్మ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ శిక్షను యావజ్జీవానికి తగ్గించారు. అందుకు చెప్పిన కారణాలలో, ఆమె రెండేళ్లకు పైగా ఉరి భయంతో బతకడం కూడా ఒకటి. 1983లో వాతీశ్వరన్ కేసులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మరింత ముందుకు వెళ్లి, శిక్ష పడిన తరువాత రెండేళ్లకు మించి జాప్యం జరిగితే యావజ్జీవంగా మార్చాలన్నారు. ఆ కాలపరిమితిని తరువాతి తీర్పులు అంగీకరించలేదు. 2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు పదిహేను మంది శిక్షను యావజ్జీవంగా మార్చింది, వారిలో అత్యధికుల విషయంలో కారణం క్షమాభిక్ష అర్జీలపై అకారణ జాప్యమే. అర్జీ తిరస్కరణ తెలిపాక ఉరికి ముందు కనీసం పద్నాలుగు రోజుల వ్యవధి ఉండాలని కూడా అదే తీర్పు నిర్దేశించింది.

ఈ తీర్పు లోపలే చిక్కు కనిపిస్తుంది. ఆలస్యం చేస్తే క్రూరత్వమని చెబుతుంది, తొందరపడవద్దని కూడా చెబుతుంది. రెండూ సరైనవే. అశోకుని మూడు రోజులు, చిన్నపరెడ్డి రెండేళ్లు, 2014 నాటి పద్నాలుగు రోజులు సరైన గడువు ఎంతో వెతికే ప్రయత్నాలు. అటువంటి అంకె ఏదీ లేదు. మహారాష్ట్ర కేసులో నిజం బయటపడడానికి పదహారేళ్లు పట్టింది. నిజానికి సరిపడా గడువు ఇస్తే మనిషి ప్రతిరోజూ చస్తాడు. మనిషికి ఓర్చుకోగలిగినంత గడువు ఇస్తే నిజం రాకముందే చస్తాడు. తక్కిన శిక్షలకు ఈ చిక్కు లేదు. జైలు శిక్ష నడుస్తుండగా నిజం తెలిస్తే పోయిన ఏళ్లు తిరిగి రావు గానీ, మిగిలిన ఏళ్లు ఉంటాయి.

7. ప్రతివాదం:

మరణశిక్షను సమర్థించేవారి వాదం తేలికగా కొట్టిపారవేయదగినది కాదు. దానికి మన సాహిత్యంలో బలమైన ప్రతినిధి ద్యుమత్సేనుడు. మహాభారత శాంతిపర్వంలో ద్యుమత్సేనునికీ అతని కొడుకు సత్యవంతునికీ జరిగిన సంవాదం ఈ విషయం మీదనే. దుష్టులను చంపకపోతే ధర్మాధర్మాల భేదమే చెరిగిపోతుందని తండ్రి అంటాడు. ఒకప్పుడు ఛీకొట్టడమే చాలిన దండన అని, తరువాత పరుషమైన మాట, ఆపైన జరిమానా అవసరమయ్యాయని, ఇప్పుడు వధతో కూడా జనం అదుపులో ఉండడం లేదని వివరిస్తాడు. ఒక దొంగను చంపితే అతని భార్య, తల్లి, తండ్రి, బిడ్డలు అనే నిరపరాధులను కూడా రాజు చంపినట్లేనని, చెడ్డవాడు కూడా మంచి నడత నేర్చుకోవచ్చని కొడుకు బదులిస్తాడు.

ద్యుమత్సేనుని మాటలోనే అతని వాదపు బలహీనత ఉంది. మాట నుంచి వధ దాకా దండన పెరుగుతూ వచ్చినా నేరం తగ్గలేదని అతడే ఒప్పుకొంటున్నాడు. నేరం పెరిగినప్పుడల్లా శిక్షను పెంచడం తప్ప వేరే దారి లేదనుకొంటే, వధ తరువాత పెంచడానికి మిగిలేది వధలోని వేగం ఒక్కటే.

ఆ వేగాన్ని తెలుగు సమాజం ప్రత్యక్షంగా చూసింది. 2019లో హైదరాబాద్ శివారులో ఒక యువ వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య అందరినీ కలచివేశాయి. డిసెంబరు 6న నలుగురు నిందితులు షాద్‌నగర్ సమీపంలో పోలీసు కాల్పులలో మరణించారు. విచారణ కూడా మొదలుకాలేదు. చాలామంది పూలు చల్లి హర్షించారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఆ కాల్పులు చంపే ఉద్దేశంతోనే జరిగాయని, మృతులలో ముగ్గురు అప్పటికి మైనర్లని 2022లో వెల్లడైన నివేదికలో అభిప్రాయపడింది. మైనర్లకు ఏ న్యాయస్థానమూ మరణశిక్ష వేయజాలదు. గడువు అక్కరలేదన్న కోరిక చివరికి న్యాయస్థానమే అక్కరలేదనడం వరకు పోతుందని ఆ రోజు రుజువైంది. ఆ హర్షం వెనుక నిజమైన దుఃఖం ఉంది, ఏళ్ల తరబడి తేలని కేసులపై కోపం ఉంది. ఆ కోపానికి సరైన సమాధానం త్వరగా జరిగే విచారణ, తప్పకుండా పడే శిక్ష. ఆ శిక్ష ప్రాణమే కావలసిన అవసరం లేదు.

8. చారుదత్తుని క్షమ – దాని హద్దులు:

నాటకం నిర్దోషి విడుదలతో ఆగదు. అపరాధి అయిన శకారుణ్ణి పట్టి తెస్తారు. వసంతసేన చారుదత్తుని మెడలోని వధ్యమాలను తీసి శకారునిపైకి విసురుతుంది. అతణ్ణి ఈడ్పించాలా, కుక్కలకు వేయించాలా, శూలానికి ఎక్కించాలా, రంపంతో కోయించాలా అని శర్విలకుడు అడుగుతాడు. శరణన్న శత్రువును ఆయుధంతో చంపరాదని, ఉపకారంతోనే చంపాలని చారుదత్తుడు విడిచిపెట్టిస్తాడు. మరణదండనను విమర్శించేవారికి ఈ ఘట్టం ఆకర్షణీయంగా ఉంటుంది. నిర్దోషిత్వం అనే కారణం లేకుండానే, నేరం రుజువైనవాని ప్రాణాన్ని కూడా నాటకం కాపాడింది.

అయితే ఈ క్షమను యథాతథంగా ఆదర్శంగా స్వీకరించలేం. శకారుడు గొంతు నులిమినది వసంతసేనను. క్షమించినవాడు చారుదత్తుడు. ఆమె అభిప్రాయం వధ్యమాలను విసరడంలో కనిపించింది, ఆ తరువాత ఎవరూ ఆమెను అడగలేదు. పైగా శకారుని పూర్వస్థితి చెదరలేదు. బాధితురాలికి జవాబు లేదు, నేరస్థునికి బాధ్యత లేదు. మరణశిక్ష రద్దు అంటే నేరస్థుణ్ణి వదిలేయడమేనన్న నేటి అపోహకు మూలం ఇటువంటి క్షమలోనే ఉంది. రద్దును కోరేవారు చారుదత్తుని నుంచి చంపరాదన్న సూత్రాన్ని తీసుకోవాలి, విడిచిపెట్టిన పద్ధతిని తీసుకోకూడదు. వసంతసేన విసిరిన మాలకు సమాధానం చెప్పగలిగే దీర్ఘకాల కారాగార శిక్ష ఆ రెండింటి మధ్య ఉంది. శూద్రకుని కాలపు రాజ్యానికి ఆ మధ్యమార్గం ఊహకు అందలేదేమో. నేటి రాజ్యానికి అది చేతిలో ఉన్న సాధనం.

ప్రాణం తీయనన్న కొత్త రాజ్యం పాత రాజును చంపే అధికారంలోకి వచ్చిందన్నది కూడా మరువరానిది. ఆర్యకుని రాజ్యంలో తరువాతి నిందితునికి ఏమవుతుందో నాటకం చెప్పదు. ఒక్క చారుదత్తుని కోసం అన్ని అదృష్టాలూ కలిసి వచ్చాయి. చట్టం మారలేదు. నాటకం ఆనందంగా ముగిసినా అందులోని సమస్య ముగియలేదు.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి. శూద్రకుడు నిర్దోషికి శిక్ష పడడాన్ని దుర్మార్గుల కుట్రగా మాత్రమే చూపలేదు. నిజమైన సాక్ష్యాలు, సదుద్దేశం గల న్యాయస్థానం కూడా పొరబడగలవని నిరూపించాడు. ఆ పొరపాటుకు విరుగుడు శాస్త్రంలోనూ రాజులోనూ దొరకలేదు, తలారి ఇచ్చిన గడువులో దొరికింది. అదే గడువు ఆధునిక కాలంలో నిజానికి అవసరమైనంత పొడవుగా మారినప్పుడు ఖైదీకి యాతనగా పరిణమించింది.

కనుక మరణదండన తనను తాను సమర్థించుకోవడానికి గడువు కావాలి, ఆ గడువే దానిని సమర్థించలేనిదిగా చేస్తుంది. ఈ వైరుధ్యాన్ని విధానాల సవరణతో దాటలేమన్నది ఈ వ్యాసం నిర్ధారణ. 262వ నివేదిక సూచించిన మార్గాన్ని ప్రభుత్వాలు పూర్తి రద్దు వైపు కొనసాగించాలి. ఉగ్రవాద కేసులను మినహాయించడానికి కూడా కారణం లేదు. ప్రజాగ్రహం, తొందర ఎక్కువగా ఉండే కేసులలోనే పొరపాటుకు అవకాశం ఎక్కువ.

వంతు వచ్చిన తలారి వేచి ఉన్నది ఏ నిజం కోసమో అతనికి తెలియదు. అయినా వేచి ఉన్నాడు. తెలియనితనాన్ని ఒప్పుకొని చేతిని ఆపుకోవడం అతని వివేకం. ప్రాణం తీసే అధికారాన్ని చట్టం ద్వారా వదులుకొంటే ప్రతి ప్రభుత్వానికీ ఆ వివేకం అలవడుతుంది. అప్పుడు ఏ చారుదత్తుడూ రాజు మారే రోజు కోసం ఎదురుచూడవలసిన పని ఉండదు.